మూలికల తేనీరు - కాలేయపు క్రొవ్వు

కడియము పేరు చెప్పినంతనే మన గోదావరి ప్రాంతమువారికి మొక్కలు జ్ఞప్తికి వచ్చును. ధవళేశ్వరమునుండి వచ్చు కాలువనీరు, ఒండ్రునేల, అంటుకట్టుటలో ఆరితేరిన చేతులు - ఈ మూడును కలిసి కడియము, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరము మొదలగు గ్రామములను మొక్కలకు పుట్టినిల్లుగా చేసినవి. అక్కడ మొక్కలు కొనువారి అలవాటొకటి గమనింపదగినది. మామిడి అంటు కొనబోయినవారు చేతికందినదానిని తీసికొని రారు. అది బంగినపల్లియా, సువర్ణరేఖా, కొత్తపల్లి కొబ్బరియా అని అడుగుదురు. అంటు ఏ చెట్టునుండి తీసినదని అడుగుదురు. ఆకు త్రిప్పి చూచి, అంటుముడి తడిమి చూచి మరీ కొందురు. పేరు తప్పినచో ఆ సంగతి చెట్టు కాపునకు వచ్చినప్పుడుగాని తెలియదు. అప్పటికి కొన్నియేండ్లు గడచిపోవును. అందువలననే అంత జాగ్రత్త.

ఇంతటి జాగ్రత్త గల ఇండ్లలోనికే నేడు మరియొక వస్తువు ఏ ప్రశ్నయు లేకుండ ప్రవేశించుచున్నది. అది సన్నబడుటకై త్రాగు మూలికల తేనీరు. అందమైన డబ్బా, దానిపై పచ్చని ఆకు, సన్నని నడుము బొమ్మ. నెల తిరుగునప్పటికి ఇన్ని కిలోలు తగ్గునని, కాలేయము కడిగినట్లు శుభ్రపడునని హామీలు. లోపల ఏ ఆకు ఎంత ఉన్నదో కొన్నిటిపై చిన్న అక్షరములలో నుండును. కొన్నిటిపై అదియును ఉండదు.

కడియము ప్రాంతమునుండి శ్రోత యొకరు ఈ విషయమై మాకు ఉత్తరము వ్రాసిరి. వారికి ఏబది యేండ్లు. చిన్న నర్సరీ నడుపుచున్నారు. కడుపునొప్పికై పరీక్ష చేయించుకొనగా కాలేయమునకు క్రొవ్వు పట్టినదని తేలినది. బరువు తగ్గుమని వైద్యుడు చెప్పెను. ఇంతలో బంధువొకరు పట్టణమునుండి ఒక డబ్బా తెచ్చి ఇచ్చిరి. "మేం ఆకుల మధ్యే పుట్టి ఆకుల మధ్యే పెరిగినవాళ్లమండి. ఇది ఇంగ్లీషు మందు కాదు కదండీ, ఆకు. ఆకు మమ్మల్నేం చేస్తుందండీ? మూడు నెలలు తాగి, ఆ తరువాత డాక్టరుగారి దగ్గరకి వెళదామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని వారి ప్రశ్న. ఈ ప్రసంగము వారికి సమాధానము. అయితే ప్రశ్న వారొక్కరిదే కాదు కనుక సమాధానము అందరును వినదగినదే.

ఎందరిదో చెప్పుటకు లెక్కలున్నవి. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతట జరిపించిన పెద్ద సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాటి ప్రకారము మన దేశపు పెద్దలలో నూటికి 28.6 మంది స్థూలకాయులు. పొట్ట పెరిగినవారు నూటికి 39.5 మంది. మన హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలలో పనిచేయు 345 మందిని పరీక్షించి, ఫలితములను 2025లో ప్రకటించిరి. వారిలో నూటికి 84 మందికి కాలేయమునందు క్రొవ్వు అధికముగా కనిపించినది. వీరిలో పెక్కుమంది కూర్చుండి పనిచేయువారు. పట్టణమువారి గొడవ మనకేల అందురా? నర్సరీలో కుండీలు మోయు స్త్రీలు పొద్దస్తమానము నడచుచునే యుందురు. యజమాని మాత్రము కుర్చీలో కూర్చుండి ఫోనులో బేరములాడుచుండును. ఒకే తోటలో రెండు జీవితములు! కాలేయము పల్లె, పట్టణము అని చూడదు. ఎవరెంత తినిరి, ఎంత కదలిరి అని మాత్రమే చూచును.

ఇంతకును ఈ క్రొవ్వు ఎట్లు పట్టును? కాలేయము మన కుడి ప్రక్కటెముకల చాటున ఇంచుమించు కిలోన్నర బరువుండు అవయవము. తిన్న ఆహారమునుండి వచ్చిన చక్కెరను అది అవసరమునకు కొంత దాచుకొనును. దాచుకొను చోటు నిండిన పిమ్మట మిగిలినదానిని క్రొవ్వుగా మార్చును. నూనె, నెయ్యి తిన్నవారికే క్రొవ్వు పట్టునని చాలమంది అనుకొందురు. అది సగమే నిజము. రెండు పూటల విస్తరి నిండ వరియన్నము, నడుమ తాపేశ్వరము కాజా, ఆత్రేయపురము పూతరేకు, దినమునకు నాలుగు కప్పుల తీపి తేనీరు - ఇవన్నియు కదలని శరీరములో చివరకు క్రొవ్వుగానే తేలును. కాలేయపు బరువులో నూటికి 5 వంతులు మించి క్రొవ్వు చేరినచో దానిని వ్యాధిగా లెక్కింతురు.

మద్యము త్రాగువారి కాలేయమునకు క్రొవ్వు పట్టుట పాత సంగతియే. త్రాగనివారికి పట్టు క్రొవ్వును ఇంతకాలము మద్యమువలన రానిదని మాత్రమే పిలిచెడివారు. 2023లో వివిధ దేశముల కాలేయవైద్య సంఘములు కలిసి, శరీరము ఆహారమును వాడుకొను తీరులో వచ్చిన దోషముతో దీనిని ముడిపెట్టి క్రొత్త పేరు నిర్ణయించినవి. పొట్ట, మధుమేహము, రక్తపుపోటు, కాలేయపు క్రొవ్వు - ఇవి ఒకే కుటుంబములోనివని దాని భావము. మొదట ఇది నొప్పి కలిగింపదు. అదే దీని మోసము. కొందరిలో క్రొవ్వు క్రొవ్వుగానే యుండిపోవును. కొందరిలో వాపు వచ్చి, వాపు మచ్చలుగా మారి, ఏండ్లు గడచిన మీదట కాలేయము గట్టిపడిపోవును. అక్కడికి చేరిన పిదప వెనుకకు మరలుట కష్టము. అంతకు ముందు మాత్రము మరలవచ్చును. మనము మాటలాడుచున్నది ఆ మరలు దారిని గురించియే.

ఇక డబ్బా విప్పి చూతము. సన్నబడు తేనీళ్లలో పెక్కింటికి ప్రాణము సునాముఖి. నేలతంగేడు అనియు దీనిని పిలుతురు. మలబద్ధమునకు ఒకటి రెండు దినములు వాడుటకు ఇది మంచి మందు. ప్రపంచపు వైద్యులందరును అంగీకరించినదే. కాని ఇది పనిచేయునది పెద్దప్రేగుపై. మనము తిన్న అన్నములోని సారమంతయు అంతకు ముందే చిన్నప్రేగులో రక్తమునకు చేరిపోయియుండును. కనుక సునాముఖి బయటకు పంపునది నీటిని, మలమును, నీటితోపాటు కొన్ని లవణములను. మరునాడు త్రాసు ఎక్కిన ఒక కిలో తగ్గినట్లు కనబడును. రెండు చెంబుల నీరు త్రాగిన అది తిరిగి వచ్చును. కాలేయములోని క్రొవ్వు ఒక రవ్వయు కదలదు. అదేపనిగా నెలల తరబడి త్రాగినచో ఒంటిలోని పొటాసియము తగ్గి నీరసము వచ్చును. గుండె లయ తప్పవచ్చును. ప్రేగు మందునకు మరిగి తన పని తాను మరచును.

రెండవది పచ్చి తేయాకు, అనగా గ్రీన్ టీ. దీనిపై పరిశోధనలు చాలనే జరిగినవి. వాటినన్నిటిని ఒకచోట చేర్చి పరిశీలించిన కోక్రేన్ సంస్థ 2012లో చెప్పినదేమనగా, దీనివలన తగ్గు బరువు లెక్కకు రానంత స్వల్పమని. ఆకు వేడినీటిలో వేసి త్రాగినచో సామాన్యముగా హాని లేదు. ఆకు సారమును బిగించి గుళికలుగా చేసినప్పుడే చిక్కు. అందలి ముఖ్యపదార్థము దినమునకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి గుళికలద్వారా లోపలికి పోయినచో కాలేయము దెబ్బతిను సూచనలు రక్తపరీక్షలో కనిపించుచున్నవని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018లో హెచ్చరించినది. కాలేయమును బాగుచేయుటకు తీసికొన్నదే కాలేయమును బాధించుట ఎంత విపరీతము!

మూడవది డబ్బాపై వ్రాయనిది. ఆకుల చాటున ఆకలి చంపు రసాయనమును కలిపి అమ్మినవారు అనేక దేశములలో పట్టుబడిరి. వాటిలో పేరుపడినది సిబుట్రమిన్. గుండెపోటు, పక్షవాతముల భయముచే 2010లో అమెరికా మార్కెట్టునుండి దీనిని ఉపసంహరించిరి. మన ప్రభుత్వము 2011లో నిషేధించినది. నిషేధము తరువాతను మూలికల పేర వచ్చు సరకులో ఇది దొరకుచునే యున్నది. "ఈ తేనీరు మాత్రము మొదటి వారములోనే ఆకలి చంపినది, గుండె దడగా నున్నది" అని ఎవరైన చెప్పినచో, అది మూలిక మహిమ అని మురియక, అనుమానింపవలయును.

పేరు తప్పిన ఆకు ఏమి చేయునో బెల్జియము దేశపు ఉదంతము చెప్పును. 1990 ప్రాంతమున బ్రస్సెల్సు నగరములో సన్నబడుటకై ఒక వైద్యశాలకు పోయిన స్త్రీలకు చైనా మూలికల మందు ఇచ్చిరి. అందు వేయవలసిన మూలికకును, వేరొక విషమూలికకును చైనా భాషలో పేర్లు దగ్గరగా నుండును. ఒకదానికి బదులు మరియొకటి పడినది. నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండములు చెడిపోయినవి. 1993లో వైద్యులు ఈ సంగతి లోకమునకు వెల్లడించిరి. తరువాతి సంవత్సరములలో వారిలో కొందరికి మూత్రమార్గమున క్యాన్సరు కూడ కనిపించినది. వారెవ్వరును దురాశాపరులు కారు. బరువు తగ్గుటకు పోయిన సామాన్య గృహిణులు, ఉద్యోగినులు. అంటుముడి తడిమి చూడక మామిడి కొననివారికి ఈ కథలోని నీతి వేరుగా చెప్పనక్కరలేదు.

మన ఇంటి మూలికలకు ఈ భయము లేదా? తిప్పతీగ సంగతి చూడుడు. కరోనా దినములలో దాని కషాయము దేశమంతట విరివిగా త్రాగిరి. 2020 సెప్టెంబరు, డిసెంబరు నెలల నడుమ ముంబాయిలో ఆరుగురు రోగులకు దానివలన కాలేయము దెబ్బతినినదని వైద్యులు వ్రాసిరి. 2022లో పదుమూడు ఆసుపత్రులనుండి 43 మంది వివరములు వెలువడినవి. ఆయుష్ మంత్రిత్వశాఖ దీనిని అంగీకరింపలేదు. తిప్పతీగ సురక్షితమైనదే, దానిని పోలిన వేరొక జాతి తీగ హాని చేయవచ్చునని ఆ శాఖ వాదన. ఎవరి వాదము నిజమైనను మనకు తేలునది ఒకటే: ఏ తీగయో, ఎంతయో, ఎన్నాళ్లో తెలియక త్రాగరాదు. కేరళలో చేపల పులుసునకు వాడు కొడంపులి కూడ ఇట్టిదే. పులుసులో పడిన రెండు రెబ్బలవలన ఎవరికిని కీడు లేదు. అదే పులుపును సారము తీసి బరువు తగ్గు గుళికలలో కూరినప్పుడు, వాడినవారిలో కొందరికి కాలేయము చెడిన ఉదంతములు వైద్యపత్రికలకు ఎక్కినవి. కూర వేరు, మందు వేరు. మోతాదు మారినచో వస్తువు మారినట్లే.

ఇంత చెప్పితిమి గనుక మేము మూలికలకు శత్రువులమని శ్రోతలు భావింపకుందురు గాక. మంచి జరిగినచోట మంచి చెప్పవలయును. ఎర్ర గోంగూర కాయల రక్షకపత్రములు, అనగా కాయను చుట్టియుండు ఎర్రని రేకులు, వాటి సారముతో తైవాను దేశమున స్థూలకాయులపై జరిగిన పరిశోధన ఒకటి 2014లో వెలువడినది. 12 వారములలో బరువు, నడుము కొంత తగ్గినవని, కాలేయపు క్రొవ్వు కొంత మెరుగుపడినదని అందు వ్రాసిరి. వినుటకు సంతోషముగనే యున్నది. గోంగూర మన ఇంటి బిడ్డ గదా! కాని ఆ పరిశోధనలో పాల్గొన్నవారు 36 మంది మాత్రమే. వాడినది కొలిచి తీసిన సారము. ఇంటిలో కాచిన తేనీరు కాదు. ఇట్టివి వందలమందిపై, ఏండ్ల తరబడి జరిగినగాని మందు అనిపించుకొనవు. అంతవరకు ఎర్ర గోంగూర రేకుల నీరు, శంఖుపూల నీరు, నిమ్మగడ్డి నీరు రుచికి, రంగుకు, వాసనకు త్రాగవచ్చును. మితముగా త్రాగిన తప్పు లేదు. వాటిని పానీయములుగా ఆదరింతము, వైద్యులుగా నియమింపవలదు.

అయినను "ఫలానావారు త్రాగి తగ్గిరి గదా" అను మాట వినబడుచునే యుండును. తగ్గియుండవచ్చును. ఎందువలన తగ్గిరో లెక్క వేయుదము. దినమునకు మూడు కప్పుల పాల తేనీరు, కప్పునకు రెండు చెంచాల పంచదార వేసికొనువారు మూలికల నీటికి మారిరనుకొనుడు. చెంచా 5 గ్రాములైనచో దినమునకు 30 గ్రాములు, నెలకు 900 గ్రాముల పంచదార వారి కడుపులో పడుట మానినది. పైగా డబ్బాతో వచ్చిన కాగితముపై రాత్రి అన్నము తగ్గింపుడు, మిఠాయి మానుడు, ఉదయమున నడువుడు అని యుండును. పని చేసినది ఆ కాగితము. పేరు వచ్చినది ఆకునకు.

మన ప్రాచీనులు ఈ సంగతి ఎరుగకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున అష్టౌనిందితీయమను అధ్యాయములో అతిస్థూలుని లక్షణములు, కారణములు వివరముగా నున్నవి. అతిగా తినుట, తీపి, జిడ్డు పదార్థములు మరుగుట, వ్యాయామము లేమి, పగటినిద్ర, తల్లిదండ్రులనుండి వచ్చు బీజస్వభావము - ఇవి అందు చెప్పిన కారణములు. చికిత్సలోను ఔషధములతోపాటు యవలవంటి ధాన్యములు, వ్యాయామము, నిద్ర తగ్గించుట చెప్పబడినవి. డబ్బాపై చరకుని పేరు వేసి, చరకుడు చెప్పిన వ్యాయామమును విడిచిపెట్టుట ఆయుర్వేదము కాదు, వ్యాపారము. మన శాసనమును ఈ వ్యాపారమును ఎరుగును. 1954లో చేసిన అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టమునకు అనుబంధముగా 54 వ్యాధుల పట్టిక యున్నది. వాటిని నయము చేయుదుమని ప్రకటించుట నేరము. ఆ పట్టికలో స్థూలకాయము కూడ చేరియున్నది.

మరి ఏది పనిచేయును? సమాధానము అందముగా నుండదు గాని నిశ్చయముగా నున్నది. ఉన్న బరువులో నూటికి 5 వంతులు తగ్గినచో కాలేయపు క్రొవ్వు తగ్గ మొదలిడును. 7 మొదలు 10 వంతులు తగ్గినచో వాపు కూడ చాలమందిలో తగ్గును. 10 మించినచో మచ్చలు సయితము కొందరిలో మెరుగుపడును. మన ఉత్తరము వ్రాసిన మిత్రులు 80 కిలోలున్నారనుకొన్నచో, 4 కిలోలు మొదటి మెట్టు, 8 కిలోలు గమ్యము. వారమునకు అరకిలో చొప్పున నాలుగైదు నెలల పని. తొందరపడి పస్తులుండుట కూడదు. వేగముగా చిక్కినచో కాలేయము మరింత బాధపడును, పిత్తాశయమున రాళ్లు ఏర్పడవచ్చును.

దారి ఇది. అన్నము సగము చేసి, ఆ ఖాళీలో కూర, ఆకుకూర, పప్పు నింపవలయును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము పంచదార దినమునకు 25 గ్రాములు మించరాదు. వేపుడు, మిఠాయి పండుగలకు ఉంచవలయును. మద్యము పూర్తిగా విడువవలయును. వారమునకు తక్కువలో తక్కువ 150 నిమిషములు ఆయాసము వచ్చునట్లు నడువవలయును. నర్సరీ యజమానికి ఇందుకై మైదానము వెదకనక్కరలేదు. కూలీలతోపాటు రోజునకు గంటసేపు కుండీలు మోసినచో చాలును. నడుముకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకుండ చూచుకొనవలయును. త్రాసుకంటె ఈ టేపు నమ్మదగినది. నీరు తగ్గిన త్రాసు మోసపోవును. పొట్ట తగ్గనిదే టేపు మోసపోదు. అవసరమైనవారికి క్రొత్త మందులు కూడ వచ్చుచున్నవి. 2024లో ఒకటి, 2025లో ఒకటి కాలేయపు వాపు, మచ్చలు గలవారికై అమెరికాలో అనుమతి పొందినవి. అవి వైద్యుడు పరీక్షించి వ్రాయవలసినవే గాని అంగడిలో అడిగి తెచ్చుకొనవలసినవి కావు.

కనుక మిత్రులకు మా సమాధానము: మూడు నెలలు తేనీరు త్రాగి పిదప వైద్యునియొద్దకు పోవుట కాదు, ఇప్పుడే పోవలయును. పోవునప్పుడు ఆ డబ్బా వెంట తీసికొని పోవలయును. మూడు నెలలు పోయినది డబ్బు మాత్రమే అయినచో మేమింతగా చెప్పము. మరలదగిన దారిలో మూడు నెలలు పోవుట అసలు నష్టము. ఇదివరకే త్రాగుచున్నవారు ఎవరైన నున్నచో ఒక్క సంగతి గుర్తుంచుకొనుడు. కన్నులు పచ్చబడుట, మూత్రము చిక్కని రంగు తిరుగుట, ఒడలు దురద, అన్నము సహింపకుండుట, కారణము లేని నీరసము - వీటిలో ఏది కనిపించినను ఆ తేనీరు ఆ క్షణముననే మానవలయును. కామెరలని పసరుమందునకు పరుగెత్తవలదు. ఆకువలన వచ్చిన చేటునకు పేరు తెలియని మరియొక ఆకు విరుగుడు కానేరదు. రక్తపరీక్ష చేయించుకొని, త్రాగినదేమో దాచక చెప్పవలయును. చాలమంది వైద్యులకు మూలికల మాట చెప్పరు. అది మందు కాదనుకొందురు. చెప్పిననాడే వైద్యునకు దారి దొరకును.

ఇక ముందు ఇంటికి ఏ డబ్బా వచ్చినను ఇంటివారు నాలుగు ప్రశ్నలు వేయుదురు గాక. ఇందున్నవి ఏ ఆకులు? ఒక్కొక్కటి ఎంత? ఎన్నాళ్లు త్రాగవలయును? కీడు వచ్చినచో జవాబు చెప్పువారెవరు? అమ్మువాడు ఈ నాలుగింటికి జవాబు చెప్పలేనిచో డబ్బా అంగడిలోనే యుండనిండు. ఆ సాయంకాలము చల్లబడిన పిదప భార్యాభర్తలిద్దరును కాలువగట్టున ఒక అరగంట నడిచి రండు. అందుకు ఖర్చు లేదు.